పీపాకు మూడో కట్టు

ముందే చెప్తున్న. కురవి ఈరన్న సాక్షి, నేను తిన్న అన్నం సాక్షి, అదీ చాలదంటె నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకల సాక్షి, కింద రాసినదాంట్ల ఒక్క ముక్క గూడ అబద్ధం లేదు. నన్ను ఎరిగినోళ్లు ఇక్కడికే మూతి వంకర తిప్పి ఉంటరు. వాళ్లను గూడ తప్పు పట్ట. పాకాల తొవ్వల పులి ఎదురొచ్చి, నన్ను జూసి పక్కకు జరిగి దారి ఇచ్చిందని చెప్పిన మనిషిని నేనే. ఆ పులి సంగతి వేరు. గిది వేరు. గిది మా ఇంటి సంగతి.

మొన్న జనగామల మా తోడల్లుని బిడ్డ నిశ్చితార్థానికి పోయినం. భోజనాలు అయినంక, తొవ్వ మీద కొత్తగ వెట్టిన హోటల్ల చాయ తాగుదమని పిల్లలు గుంజుకపోయిన్రు. లోపలికి పోంగనే గుమ్మం పక్కన ఒక పీపా. చెక్క పీపా, నడుము లావు, మూతి సన్నం, ఆరు కట్లు. దాని మీద పూలకుండి పెట్టిన్రు. నా కాళ్లు అక్కడ్నే ఆగినయ్. వంగి, మూతి దిక్కు నుంచి లెక్కవెట్టి, మూడో కట్టు కింద గోరు పెట్టి గీకి చూసిన.

ఆడ పనిచేసే పోరడు ఉరికొచ్చిండు. "సార్, ఏమన్న పడిపోయిందా?"

"లేదు తమ్మీ. కట్టు జరిగిందా అని చూస్తున్న."

వాడు నన్ను కింది నుంచి మీదికి చూసిండు. పట్టపగలే తాగొచ్చిండనుకున్నట్టున్నడు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, "నలుగురిల మర్యాద తియ్యకు, లే" అన్నది. లేచిన. గోరుకు నల్లరంగు అంటింది. అది ఇనుము గాదు. రేకుకు నల్లరంగు పూసి కట్టులెక్క అతికించిన్రు. నాకు ముందే అనుమానమొచ్చింది. నాకు అన్నిటి మీద అనుమానమే. పుచ్చకాయ కొంటె రెండు దిక్కుల కొడత, పాలాయన వస్తె గిన్నె వంచి చూస్త, మందుల దుకాణంల సీసా మీద తారీకు చదివి మళ్లొకసారి చదువుత. ఈ రోగం నాకు ఎక్కడ అంటిందో గిప్పుడు చెప్తున్న.

మా ఊరు మానుకోట నుంచి గూడూరు పోయే తొవ్వ మీద. మా కొలిమి తొవ్వకు ఆనుకోనే ఉండె. తాత కమ్మరి. నాగలి కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు అందరు చేసినట్టే చేసేటోడు. గని ఆయన పేరు మోగింది పీపాల కట్లకు. ఆ రోజులల్ల సారా చెక్క పీపాలల్ల వచ్చేది. మానుకోటల గుత్తేదారు గోదాం ఉండె. ఆడికెళ్లి పీపాలను ఎడ్లబండ్ల మీద ఎక్కించి ఊర్ల దుకాణాలకు తోలేటోళ్లు. పీపాల చెక్క మహదేవపూర్ అడవి టేకు. టేకు ఎంత గట్టిదైనా బద్దలను కలిపి పట్టుకునేది ఇనుప కట్టే. కట్టు సడలితె పీపా కట్టెలమోపు తోని సమానం.

తాత కట్టు చేస్తుంటె చూడాలె. ముందు తడిపిన దారం పీపా నడుముకు చుట్టి ముడి వేసేటోడు. ఆ ముడికి గోరంత లోపలికి ఇంకొక ముడి. "గా గోరంత తేడాల్నే ఉంటది పనంత" అనేటోడు. ఇనుప పట్టీని కొలిమిల ఎర్రగ కాల్చి, దాగలి మీద పెట్టి ఒక అంచునే సాగగొట్టేటోడు. పీపా నేరుగ ఉండదు గద, నడుము దిక్కు లావైతది. కట్టుకు గూడ ఒక అంచు వెడల్పు, ఒక అంచు ఇరుకు కావాలె. కొసలు రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రెండు రివిట్లు. ఇగ మూతి దిక్కు నుంచి దించి, మొద్దు ఉలి ఆనిచ్చి, సుత్తె తోని ఒక్కొక్క దెబ్బ కొట్టుకుంట చుట్టు తిరగాలె. ఒక్క చోట రెండు దెబ్బలు కొడితె కట్టు పక్కకు ఒరుగుతది. తాత ఒక దిక్కు, బాపు ఎదురుంగ ఒక దిక్కు, ఇద్దరు ఒక్క మాట లేకుంట పీపా చుట్టు తిరిగేటోళ్లు. గుడి చుట్టు తిరిగినట్టే. కాలిన ఇనుము మీద నీళ్లు పోసినప్పుడు వచ్చే వాసన, కింద టేకు జర మాడిన వాసన. ఇప్పటికీ ఎక్కడన్న వెల్డింగు దుకాణం ముందట నడిస్తె నా ముక్కు ఆ వాసన కోసం ఎతుకుతది. దొరకది.

పాత కట్లు నా ఆస్తి. పుల్ల తోని కొట్టుకుంట తొవ్వ పొడుగు ఉరికించేటోన్ని. ఒకసారి నా చేతికెళ్లి తప్పించుకున్న కట్టు దొర్లుకుంట దొర్లుకుంట గూడూరు దాక పోయి, ఆడ సంతల ఒక చుట్టు తిరిగి, పొద్దు గూకకముందే వాపస్ వచ్చింది. అది పాతది గాదు, మర్నాటికి చేసిపెట్టిన కొత్త కట్టని తెలిసినంక తాత నా చెవి పట్టుకోని, కొలిమి తిత్తి కాడ కూసోపెట్టి, చీకటి పడే దాక గాలి కొట్టిచ్చిండు.

ఎండాకాలం వచ్చిందంటె మా కొలిమి ముందట బండ్లు ఆగుడు రివాజు. ఎండకు చెక్క పై పొర ఎండి కుంచించుకపోతది, కట్టు సడలుతది. నిండు పీపాల బండి ముందుకు పోవాలంటె మా దగ్గర ఆగి కట్లు బిగించుకోవాలె. బండి తోలే మామ ఎడ్లను విప్పి, నీళ్లు పెట్టి, మా ఇంట్లనే తినేటోడు. అవ్వ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు పెట్టేది. ఆయన తెచ్చిన తునికి పండ్లు నాకు. తినుకుంట, ముచ్చట్లు చెప్పుకుంట గంట సేపు. గా గంటల తాత, బాపు కట్లు బిగించేటోళ్లు. ఊరికి అవతల దిక్కున ఇప్పపూలు రాలేటియి, గాలి మళ్లితె ఆ మత్తు వాసన కొలిమి దాక వచ్చేది. అదే వాసననో, పీపా వాసననో ఎవరికి ఎరుక.

ఆ ఎండాకాలమే కొరత మొదలైంది.

ముందు సారా దుకాణపాయన అన్నడు. మూత తీసి పుల్ల ముంచి చూస్తె నాలుగు వేళ్లంత తక్కువున్నదట. మూత మీద లక్క ముద్ర వేసింది వేసినట్టే ఉన్నది. ఎక్కడా కారిన జాడ లేదు. తర్వాతి బండిల మళ్ల నాలుగు వేళ్లు. మూడో బండిల ఐదు వేళ్లు. సారా ఆవిరైపోయిందని ఒకరు, దయ్యం తాగిందని ఒకరు. మా ఊరోళ్లు దయ్యాన్ని నమ్ముతరు గని దయ్యం ముద్ర ముట్టకుంట తాగుతదంటె మాత్రం నమ్మలే.

ఇగ చూడండ్రి. ఊరంత ఒకరి నోరు ఒకరు వాసన చూసుడు షురూ అయింది. ఎవడన్న జర గట్టిగ నవ్వితె "ఏందిరా, పీపా దగ్గర్నుంచి వస్తున్నవా" అనేటోళ్లు. దుకాణపాయన బండి మామను అన్నడు, బండి మామ గోదాం హమాలీలను అన్నడు, హమాలీలు దుకాణపాయన్నే అన్నరు. చుట్టు తిరిగి తిరిగి అందరి చూపు మా కొలిమి మీద ఆగింది. నిండు పీపా గంటసేపు ఆగేది మా దగ్గర్నే గద.

నాకు ఎనిమిదేండ్లో తొమ్మిదేండ్లో. నేను గూడ ఎవలను విడిచిపెట్టలే. బండి మామ తింటుంటె దగ్గర కూసోని ముక్కు ఎగపీల్చేటోన్ని. ఎడ్ల వాసన, చుట్ట వాసన. అవ్వ గూట్ల ఒక చిన్న సీసా దాచేది. మోకాళ్లకు రుద్దుకుంటదట, కర్పూరం కలిపి. మూత తీసి నాకి చూసిన. నాలిక మండి, చింతకాయ పచ్చడి రెండు ముద్దలు మింగితె గని మంట పోలే. "నువ్వేనా అవ్వా పీపా తాగుతున్నది" అని అడిగితె అవ్వ చీపురు తిరగేసింది. "నీ తాత బతుకంత నీళ్లు తాగి బతికిండు, నేను మోకాలికి తాపితె తప్పయిందారా ముదనష్టపోడా" అని వాకిట్ల పడి తిట్టింది. అనుమానితుల నుంచి ఆమెను తీసేసిన. తాతను చూసిన. ఆయన కల్లు గూడ ముట్టకపోయేటోడు. బాపు మీద నాకు అనుమానమే రాలే.

పీపా కింద ఒకటిరెండు చుక్కలు పడుతయేమో అని బండి కింద పండుకోని చూసేటోన్ని. ఒకనాడు నేను లేవంగనే మా మేక వచ్చి అదే జాగల మట్టి నాకింది. నాకి, తల ఎత్తి, కమ్మరి కొలిమి చుట్టు ఏడు చుట్లు తిరిగి, పక్కింటోళ్ల కుక్కను కొమ్ముల తోని తరిమింది. అంటే చుక్క పడ్డది. అంటే పీపాకు తొవ్వ ఉన్నది. ఈ ముచ్చట తాతకు చెప్పిన.

తాత నవ్వలే. మేకను జూసిండు, పీపాను జూసిండు. వంగి, మూడో కట్టు మీద బొటనవేలు పెట్టి అట్ల చుట్టు జరిపిండు. ఒక కాడ ఆగింది వేలు.

"ఇటు రా. ఏం కనవడ్తుంది?"

టేకు మీద, కట్టు అంచుకు పైన, సన్నగ నల్లగీత. వెంట్రుకంత.

"మసి" అన్న.

"మసి గాదు. ఇనుము చెక్క మీద కూసున్న జాగ అది. కట్టు ఉన్నన్ని రోజులు కింద నల్లబడుతది. గీత బైటికొచ్చిందంటె కట్టు జరిగిందన్నట్టు. ఎవడో దీన్ని మీదికి జరిపి, మళ్ల కిందికి దించిండు. ఆత్రంల జర ఎక్కువ దించిండు."

"ఎందుకు జరుపుతరు తాతా?"

"కట్టు కింద పొడిస్తె బొక్క ఎవలకు కనవడ్తదిరా. సన్న బర్మ తోని పొడుస్తడు, చెంబు నింపుకుంటడు, పుల్ల కొట్టి సమానంగ కోస్తడు, కట్టు దించుతడు. మూత మీది ముద్రకు ఏం గాదు."

"అయితే గిప్పుడే జరిపి చూద్దాం."

తాత నా నెత్తి మీద ఒక్కటిచ్చిండు. "నేను ఒక్కణ్ణే జరిపితె ఏమంటరు? నేనే పొడిచిన అంటరు. నలుగురి ముందట జరపాలె."

గా మాట అప్పుడు నాకు మంచిగనే అనిపించింది.

రెండు రోజులకు ముంషీ వచ్చిండు. గుత్తేదారు తరఫున గోదాం చూసుకునేటాయన. సన్నటి మనిషి, చెవు మీద పెన్సిలు, జేబుల లవంగాలు. ఎప్పుడు ఒక లవంగం బుగ్గల పెట్టుకోని మాట్లాడేటోడు. లవంగం నములేటోన్ని నమ్మొద్దని నాకు నేనే తీర్మానం చేసుకున్న. సైకిల్ దిగి, రుమాలు తోని మెడ తుడుచుకోని, మా వాకిట్ల మంచం మీద కూసున్నడు. మజ్జిగ ఇస్తె ముందు వాసన చూసిండు.

"పెద్దమనిషీ, మాట సూటిగ చెప్పాలె. గోదాంల నింపుతుంటె నా కండ్ల తోని చూస్తున్న. దుకాణంల కొలుస్తుంటె తక్కువొస్తుంది. నడుమ ఉన్నది తొవ్వ, నువ్వు."

"తొవ్వను అడిగినవా?" అన్నడు తాత.

"ఎగతాళి చెయ్యకు. గుత్తేదారు పరేషాన్ల ఉన్నడు. జనగామల వెల్డింగు పెట్టిన పోరలున్నరు, కట్లు వాళ్లతోని చేపిస్తమంటున్నడు. నేనే ఆపిన. నువ్వు కురవి పోయి, తడిబట్టలతోని ఈరన్న ముందట 'నేను ఎరుగ' అని ఒక్క మాట అను. అయిపోతది."

బండి మామ మధ్యల వచ్చిండు. "అనరాదె అన్నా. ఒక్క మాటే గద. నేను గూడ వస్త. ఇద్దరం మునుగుదం."

తాత కొలిమిలకెళ్లి పట్టుకారు తీసిండు, మళ్ల పెట్టిండు. "నా కట్టు మీద అనుమానముంటే కట్టునే అడగాలె. దేవున్ని ఎందుకు నిలబెడ్తరు. నలభై ఏండ్ల సంది కట్లు కొడుతున్న. నా కట్టు నుంచి చుక్క కారిందని ఒక్కడనలే. వచ్చే బండి ఈడ ఆగినప్పుడు నువ్వు రా, దుకాణపాయన్ను తోల్కరా. అందరి ముందట మూడో కట్టు జరుపుత. కింద ఏమున్నదో మీరే చూడండ్రి."

"ఏమున్నదంటవ్?"

"దొంగ ఉన్నడు."

ముంషీ లవంగం ఈ బుగ్గలకెళ్లి ఆ బుగ్గలకు మార్చిండు. "సరే" అన్నడు. సైకిల్ ఎక్కుతుంటె ఆయన చెయ్యి జర వణికింది. నేను చూసిన.

ఆనాడు అన్నం తినే కాడ బాపు అన్నడు, "ఎందుకు నాయినా, పోనియ్యరాదు. కురవి పోయి మునిగి వస్తె తప్పేంది? పీపాలు జరిపి రచ్చ చేసుకునుడెందుకు."

"నా పని మీద మాటొచ్చింది బిడ్డా."

"పనా ముఖ్యం, బతుకా ముఖ్యం?"

"నాకు రెండు వేరు లేవు" అన్నడు తాత. అవ్వ మామిడికాయ పప్పు మళ్ల పెట్టబోతె చెయ్యి అడ్డం పెట్టిండు. బాపు అంతకంటె ముందే లేచి చెయ్యి కడుక్కున్నడు. బాపు భయస్తుడని ఆనాడు అనుకున్న. అంత బలమైన చేతులు పెట్టుకోని భయమేందని జర సిగ్గు గూడ పడ్డ.

బండి వచ్చే దాక నాలుగు రోజులు మా ఇంట్ల ఎవలు ఎవలి ముఖం సరిగ చూడలే. బావి కాడ ఆడోళ్లు అవ్వ రాంగనే మాట ఆపేటోళ్లు. నాతోని గోలీలాడే పోరలు "దొంగ కట్టోని మనుమడు" అన్నరు. ఒకణ్ణి కొట్టిన. ముగ్గురు కలిసి నన్ను కొట్టిన్రు. కొట్టిచ్చుకోని వచ్చినంక తాత పక్కన కూసోని అడిగిన. "తాతా, కట్టు కింద ఏం లేకపోతె?"

"లేకపోతె గీత ఎట్లొచ్చింది."

"ఉండి, ఎవలు చేసిన్రో తెలువకపోతె?"

"చేతికి ఒక వాలు ఉంటది బిడ్డా. కోత చూస్తె ఎవల చెయ్యో చెప్తది. కర్రు చూసి గది ఏ కమ్మరి చేసిండో చెప్త, పుల్ల కోత చూసి చెప్పలేనా."

బండి వచ్చింది. పొద్దెక్కి ఎండ మండుతున్నది. ముంషీ వచ్చిండు, దుకాణపాయన వచ్చిండు, వాళ్ల వెనుక పనిలేనోళ్లు ఇరువైమంది. ఒకాయన చిన్నపిల్లను భుజాల మీద ఎక్కించుకోని వచ్చిండు, జాతరకు వచ్చినట్టు. బండి మామ ఎడ్లను విప్పి, ఎవలు అడగకముందే "నాకు ఏం తెలువదు" అన్నడు. పీపాను బండి దించి నిలబెట్టిన్రు. బాపు సుత్తె పట్టుకోని ఒక దిక్కు నిలబడ్డడు. నేను పీపా మొదట్ల, తాత మోకాళ్ల సందుల నుంచి చూస్తున్న.

తాత దాగలికి మొక్కిండు. మొద్దు ఉలిని కట్టు కింది అంచుకు ఆనిచ్చి, ఒక్కొక్క దెబ్బ కొట్టుకుంట చుట్టు తిరిగిండు. కట్టు మూలిగింది. తాత ఇంకొక చుట్టు తిరిగిండు. కట్టు రెండు వేళ్లంత మీదికి జరిగింది. కింద టేకు నల్లగ, తడి తడిగ. దాని నడుమ కందిగింజంత పుల్ల.

అందరు ఒక్కసారే ముందుకు వంగిన్రు. పుల్ల నడుమ ఒక నల్ల చుక్క. తాత గోటి తోని దాన్ని గుంజిండు. చిన్న ముక్క. ఆరు పలకలు, ఎర్రరంగు, నడుమ సీసపు గీత.

అది పెన్సిలు ముక్క.

అందరి కండ్లు ఒక్క దిక్కే తిరిగినయ్. ముంషీ చెయ్యి, ఆయనకు తెలువకుంటనే, చెవు మీదికి పోయింది. ఆడ ఉన్నది అదే ఎర్ర పెన్సిలు, ఆరు పలకలది, వెనుక కొస కోసి ఉన్నది. సారా అంతా కారి నా నెత్తి మీద పడుతున్నా నేను కదలలే. దుకాణపాయన ముందు నవ్విండు. తర్వాత అందరు నవ్విన్రు. ముంషీ సైకిల్ అక్కడ్నే విడిచిపెట్టి మానుకోట దాక నడిచి పోయిండు. తాత ఆ సైకిల్‌ను గోడకు ఆనిచ్చి, బుగ్గ మీది చెమట తుడుచుకోని, "ఇగ కట్టు దించుదం" అన్నడు. గుత్తేదారు స్వయంగ వచ్చి తాతకు కొత్త ధోతి పెట్టిండు. అప్పటిసంది మా కొలిమి ముందట ఆగని బండి లేదు.

గిట్ల చెప్పుకుంట వచ్చిన ఈ ముచ్చటను. పెండ్లిళ్లల్ల చెప్పిన, బస్సులల్ల చెప్పిన, ఉద్యోగం చేసిన ఊర్లల్ల చెప్పిన. పెన్సిలు దగ్గరికి వచ్చేసరికి అందరు చప్పట్లు కొట్టేటోళ్లు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు బాపు ముందట గూడ ఒకటి రెండుసార్లు చెప్పిన. ఆయన నడుమల్నే లేచి, ఎడ్లకు నీళ్లు పెట్టాలని పోయేటోడు. అప్పటికి మాకు ఎడ్లు లేవు.

ఎక్కడ కల్పించిన్నో చెప్పి ముగిస్త.

కట్టు గూడూరు దాక పోలే, కల్వర్టు కాడ పడ్డది. మేక నిజం, ఏడు చుట్లు కాదు, రెండు. పెన్సిలు లేదు. ముంషీ చెవు మీద ఉండె, పీపాల లేదు. ఆయన చెయ్యి వణకలే గూడ. సైకిల్ ఎక్కేటప్పుడు వయసైనోళ్ల చేతులు ఎట్లుంటయో అట్లే ఉన్నది.

కట్టు జరిగింది, పుల్ల కనవడ్డది. అది యాపపుల్ల. కోత ఎడమ నుంచి కుడికి వాలింది. ఇంకొక మాట, మర్చిపోలే, కావాలనే దాచిన: బాపుది ఎడమచేతి వాటం. అందుకే తాతకు ఎదురుంగ నిలబడి కట్లు కొట్టేటోడు. ఊరంతల పుల్లను అట్ల కోసేటోడు ఆయనొక్కడే.

తాత చూసిండు. నేను ఆయన మోకాళ్ల కాడ ఉన్న గనుక చూసిన. తల ఎత్తి బాపు దిక్కు చూడలే. బొటనవేలు తీసి పుల్ల మీద పెట్టిండు. జనం ముందుకు వంగేలోపు కట్టును అరచేతి తోని కిందికి తోసిండు. "ఏం లేదు. బొక్క లేదు, దొంగ లేడు. కట్టే వదులుగ కొట్టిన. సందుల నుంచి కారింది. నా చెయ్యి తప్పింది ముంషీ సాబ్" అన్నడు.

ముంషీ తాత పక్కనే ఉన్నడు. ఆయన గూడ చూసిండని నాకు అప్పుడే అనుమానం. బుగ్గల లవంగం కదలలే. తాత వేలును చూసిండు, బాపు చేతిల సుత్తెను చూసిండు. "ముసలితనం గద. ఎవలి చెయ్యైనా తప్పుతది" అన్నడు నలుగురికి ఇనవడేటట్టు. ఇగ పదండ్రని జనాన్ని తోలిండు. ఆ మనిషిని నేను నలభై ఏండ్ల సంది ఊరూరా దొంగను చేసిన.

అందరు పోయినంక తాత ఏం తిట్టలే. ఉలి తను పట్టుకోని, "గట్టిగ కొట్టు" అన్నడు బాపును. ఇద్దరు మాట లేకుంట చుట్టు తిరిగిన్రు. బాపు కండ్లు తుడుచుకోవడానికి సుత్తె ఆపితె తాత గూడ ఆగిండు, మళ్ల మొదలువెట్టిండు. ఆనాటి సంది బాపు చుక్క ముట్టలే. ఆయన పోయి ఏడాది కావస్తుంది, అందుకే రాస్తున్న.

పీపాల బండ్లు మా కొలిమి ముందట ఆగుడు ఆనాడే బందైంది. కట్లు జనగామ పోరలు చేసిన్రు. తాత కొడవళ్లు, కర్రులు చేసిండు చచ్చిపోయే దాక. చెయ్యి తప్పిన కమ్మరి గద, కొడవలి తీసుకునేటోళ్లు అంచును ఎండకు పట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి, గోరు మీద గీకి చూసి గని తీసుకపోయేటోళ్లు గాదు. తాత, ఎండ వాళ్లకు మంచిగ పడాలని ఒక అడుగు పక్కకు జరిగి నిలబడేటోడు.